వెనుక వచ్చువారి కొరకు పరిగె

ధ్యాన భాగములు: లేవీయకాండము 19:9-10, మార్కు 12:38-44, 2 కొరింథీయులకు 8, 9 అధ్యాయములు



ఈ మాసము మనము ఆలోచింపబోవు సంగతి మన పల్లెలకు చాల దూరమైనదిగా మొదట తోచవచ్చును. అమెరికా దేశములోని బిజినెస్ స్కూళ్లలో, అనగా వ్యాపార నిర్వహణము నేర్పు పాఠశాలలలో, ఒక ఆచారమున్నది. చదువు ముగించుకొని వెళ్లిపోవు విద్యార్థులందరు కలిసి ఆ సంవత్సరపు తరగతి పేరట తమ పాఠశాలకు ఒక కానుక ఇత్తురు. దానిని వారు క్లాస్ గిఫ్ట్ అందురు. మనము తరగతి కానుక అనుకొందము. ఆ సొమ్ము చాలచోట్ల తరువాత రాబోవు విద్యార్థుల స్కాలర్‌షిప్పులకు వినియోగింపబడును.

వినుటకు ఇది మంచి పనియే. అయినను దీనిలో ఒక చిక్కు ప్రశ్న దాగియున్నది. అందరును ఇచ్చి తీరవలెనని తోడివారు వెంటబడి రాబట్టిన సొమ్మును కానుక అనవచ్చునా? అప్పుచేసి చదివినవాడు ఇవ్వలేదని చెప్పినయెడల అతడు మేలు మరచినవాడగునా? ఇవ్వనివాని పేరు తెలిసికొనుటకు తోడివారికి హక్కున్నదా?

ఈ ప్రశ్నలు మన ఇండ్లకును వచ్చుచున్నవి. 2023-24 విద్యా సంవత్సరములో అమెరికాలో చదువుచుండిన భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. ఆ యేడు పరదేశములనుండి అక్కడికి వెళ్లినవారిలో మనవారే అందరికంటె ఎక్కువ. వారిలో తెలుగు బిడ్డలు అనేకులు. పొలము తాకట్టుపెట్టి పంపిన తల్లిదండ్రులు మనకు తెలియనివారు కారు. అటువంటి బిడ్డను సెలవు తీసికొను దినములలో కానుక అడిగినప్పుడు అతడేమి చేయవలెను? మనమతనికి ఏమి చెప్పవలెను?

ఆచారము ఎట్టిది?

అమెరికా విశ్వవిద్యాలయములలో వ్యాపార విద్య కొరకు మొదట ఏర్పడిన పాఠశాల ఫిలడెల్ఫియా నగరములోని వార్టన్ స్కూలు. లోహ పరిశ్రమల యజమానియైన జోసెఫ్ వార్టన్ ఇచ్చిన ధనముతో 1881లో దానిని స్థాపించిరి. 1900లో డార్ట్‌మౌత్ కళాశాలలో టక్ స్కూలు వచ్చెను. ఎడ్వర్డ్ టక్ అనునతడు తన తండ్రి జ్ఞాపకార్థముగా ఇచ్చిన సొమ్ము దానికి ఆధారము. 1908లో హార్వర్డ్ బిజినెస్ స్కూలు తెరువబడెను. మన దేశములో 1961లో కలకత్తాలోను అహమ్మదాబాదులోను ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేనేజ్‌మెంట్ సంస్థలు, 2001లో హైదరాబాదులో ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్, 2015లో విశాఖపట్టణములో మరియొక ఐ.ఐ.ఎం. ప్రారంభమైనవి.

పూర్వము ఆ దేశపు కళాశాలలలో తరగతి కానుక కంటికి కనబడు వస్తువుగా ఉండెడిది. ఒక చెట్టు నాటుదురు, లేక కూర్చుండుటకు బల్ల, గడియారము, ద్వారము కట్టింతురు. హార్వర్డ్ పాత ఆవరణపు గేట్లలో కొన్నిటికి వాటిని ఇచ్చిన తరగతుల సంవత్సరములే నేటికిని పేర్లుగా నిలిచియున్నవి. క్రమేణ వస్తువుకంటె సొమ్ము మేలని తోచెను. యేల్ విశ్వవిద్యాలయములో 1890లోనే పూర్వ విద్యార్థులు ఏటేట కొంత ఇచ్చుటకు ఒక నిధిని ఏర్పరచుకొనిరి. తరువాత ఇతర కళాశాలలును ఆ మార్గమున నడిచినవి.

ఇప్పుడు ఈ పని జరుగు విధము వినుడి. చివరి సంవత్సరపు విద్యార్థులలో కొందరు కమిటీగా ఏర్పడుదురు. నూటికి తొంబదిమంది ఇవ్వవలెనని, లేక అందరును ఇవ్వవలెనని ఒక గురి పెట్టుకొందురు. ఎంత ఇచ్చినను సరే, పేరు చేరిన చాలునందురు. 2024లో ముగించువారు 20 డాలర్ల 24 సెంట్లు ఇచ్చునట్లుగా, సంవత్సరపు అంకెనే మొత్తముగా సూచించుట కలదు. తరువాత కొన్ని సంవత్సరములు ఇత్తుమని మాట వ్రాసి ఇచ్చుటయు కలదు. ఇంతమంది ఇచ్చినయెడల నేను ఇంత కలిపెదనని ఒక పూర్వ విద్యార్థి వాగ్దానము చేయును. కమిటీవారు తోడి విద్యార్థులకు ఫోను చేయుదురు, భోజనశాలలో కలిసికొందురు, ఎందరు ఇచ్చిరో వారమువారము ప్రకటింతురు.

దీనిలోని మేలు

తప్పు వెదకుటకు ముందు మేలును ఒప్పుకొనుట న్యాయము. మనిషి తనకు చేయబడిన మేలులలో చాలవాటిని చేసినవారికే తిరిగి తీర్చలేడు. చేసినవారు చనిపోయియుందురు, లేక ఎవరో తెలియదు. విద్య విషయములో ఇది మరింత నిజము. ఫీజు చెల్లించి చదివినవాడు కూడ తాను కట్టని గోడలలో కూర్చుండెను, తాను కొనని పుస్తకములు చదివెను. ఈ అప్పును వెనుకకు తీర్చుటకు దారి లేదు. ముందుకే, అనగా మన వెనుక రాబోవువారికే తీర్చవలెను.

మన తెలుగు సంఘములకు ఈ సంగతి ఇంకను బాగుగా తెలియవలెను. హేయర్ దొరగారు 1842లో గుంటూరు చేరినప్పుడు ఆయన వెనుక ఉన్నది సముద్రమునకు ఆవలనున్న సంఘముల కానుకలే. గుంటూరులో 1885లో కాలేజీ తరగతులు వచ్చుటకును, ఒంగోలు ప్రాంతములో పల్లెపల్లెకు బడి నిలుచుటకును పేరు తెలియని అనేకులు ఇచ్చిన చిన్న చిన్న సొమ్ములు తోడుపడినవి. వారు మన ముఖము చూడలేదు. మన తాతలు వారికి వందనములు చెప్పుకొనలేదు. ఆ ఋణము మన మీదనే ఉన్నది. దానిని తీర్చుకొను చోటు మన బడిలోను మన హాస్టలులోను కూర్చున్న పిల్లవాడే.

కాబట్టి సెలవు తీసికొనుచున్న విద్యార్థి వెనుకకు తిరిగి చూచి, నా చోట కూర్చుండబోవు వాని కొరకు ఏదైన విడిచిపెట్టి పోదునా అని తలంచుట మంచి తలంపు. మన స్త్రీలు వంటకు బియ్యము కొలుచునప్పుడు పిడికెడు తీసి వేరే కుండలో వేయుదురు గదా. ఇదియు ఆ జాతి తలంపే. పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడే ఇంటిలో లేనివారిని జ్ఞాపకము చేసికొనుట అది.

లెక్క వచ్చిన తరువాత

అయితే పిడికెడు బియ్యము వేసినదెవరు, వేయనిదెవరు అని ఇల్లిల్లు తిరిగి వ్రాసికొన్నయెడల ఏమగును? అప్పుడును కుండ నిండును. కాని దానిలో నిండినది భయము.

తరగతి కానుకలకు ఇటువంటిదే జరిగినది. యు.ఎస్. న్యూస్ అండ్ వరల్డ్ రిపోర్ట్ అను పత్రిక ఏటేట అమెరికా కళాశాలలకు వరుస సంఖ్యలు కట్టి ప్రకటించును. ఆ లెక్కలో పూర్వ విద్యార్థులలో నూటికి ఎందరు కానుక ఇచ్చిరి అనుదానికి చాలకాలము నూటికి ఐదు పాళ్లు విలువ కట్టిరి. ఇచ్చువారు ఎక్కువైనయెడల చదివినవారు తృప్తిపొందిరని దాని భావము. 2023లో ఆ పత్రిక ఈ అంశమును తన లెక్కనుండి తీసివేసినది. కాని అంతవరకు జరిగినది చూడుడి. ఎంత ఇచ్చిరి అనుదానికంటె ఎందరిచ్చిరి అనునది ముఖ్యమాయెను. ఒక డాలరు ఇచ్చినను పేరు లెక్కకు వచ్చును. చదువుచున్నప్పుడే ఇచ్చుట అలవాటైనవాడు తరువాతను ఇచ్చునను ఆశతో సెలవు తీసికొను విద్యార్థులనే ముందుగా పట్టుకొనిరి. ఆ వరుస సంఖ్యలు చిన్న డిగ్రీలు ఇచ్చు కళాశాలలవే అయినను, నూటికి ఎందరు అను గురి బిజినెస్ స్కూళ్లలోను పాతుకొనినది.

2010లో డార్ట్‌మౌత్ కళాశాలలో ఈ లెక్క ఎంతవరకు పోగలదో లోకము చూచెను. ఆ సంవత్సరము డిగ్రీ ముగించు తరగతిలో ఒక్కరు తప్ప అందరును ఇచ్చిరి. వెయ్యిమందికి పైబడిన తరగతిలో ఇవ్వనిది ఒకే ఒక విద్యార్థిని. ఆ కళాశాలలో తాను పొందిన మేలుకంటె చూచిన కీడే ఎక్కువని ఆమె అభిప్రాయము. ఆమె ఎవరో బయటికి పొక్కెను. ఆమె పేరును ఫొటోను ఇంటర్‌నెట్టులో పెట్టి నిందించినవారుండిరి. వందమందికి వందమంది అను అంకె పూర్తికాలేదన్న కోపము ఒక యౌవనస్త్రీ మీద పడెను. రాబోవు విద్యార్థులకు సహాయము చేయుటకని మొదలుపెట్టిన పని, ఎదుటనే ఉన్న విద్యార్థినిని గాయపరచుటతో ముగిసెను.

మన ఊళ్లలో పెండ్లి చదివింపులు మీకందరికి తెలిసినవే. పందిటిలో ఒకరు కూర్చుండి, ఫలానివారు ఇంత అని బిగ్గరగా చదువుచుండగా మరియొకరు పుస్తకములో వ్రాయుదురు. రేపు వారింట శుభకార్యమైనప్పుడు ఆ పుస్తకము తెరచి అంతకు తగ్గకుండ చదివింతురు. ఇది చెడ్డదని చెప్పుట నా ఉద్దేశము కాదు. పేదయింటి పెండ్లి దీనివలననే గట్టెక్కును. కాని దీని పేరు బదులు. వ్రాసికొనువాడు ఎదుట కూర్చున్నప్పుడు చేయి చాపువానికి లేదను స్వేచ్ఛ ఉండదు. లేదను స్వేచ్ఛ లేనిచోట ఇచ్చితినను సంతోషమును ఉండదు.

యెరూషలేము దేవాలయములో మన ప్రభువు కానుకపెట్టె ఎదుట కూర్చుండి చూచిన విధవరాలిని తలంచుకొనుడి. రెండు కాసులు వేసిన ఆమెను చూపి, చిన్న మొత్తమైనను పేరు చేరవలెనని అడుగువారు కొందరుండవచ్చును. అయితే ఆమెను ఎవడును అడుగలేదు. ఆమె వేసినదని దేవాలయపువారు లెక్క వ్రాసికొనలేదు. వేయకుండ వెళ్లిపోయినను ఆమెను తప్పుపట్టువాడు లేడు. అందుచేతనే ఆమె కానుక అంత గొప్పదాయెను. ఇంకొక మాట. ఆ సంగతికి కొంచెము ముందే, విధవరాండ్ర ఇండ్లను దిగమ్రింగు శాస్త్రులను గూర్చి ప్రభువు కఠినముగా పలికియున్నాడు. ఆ రెండు మాటలు ప్రక్కప్రక్కను ఉండుట ఊరక జరిగినది కాదు. బీదవాని కానుకను పుచ్చుకొను ఏ సంస్థయైనను, అది పాఠశాలయైనను సంఘమైనను, ఆ మాటలు చదివి వణకవలెను.

పౌలు ప్రేరేపింపలేదా?

ఇక్కడ ఒకరు అడ్డుప్రశ్న వేయవచ్చును. పౌలు మాసిదోనియవారి దాతృత్వమును కొరింథీవారికి చెప్పి ప్రేరేపించెను గదా? కొరింథీవారి సిద్ధమనస్సును మాసిదోనియవారికి చెప్పి అతిశయపడెను గదా? మాకు సిగ్గు కలుగనీయకుడని కూడ వ్రాసెను గదా? ఇది న్యాయమైన ప్రశ్న. దీనిని దాటిపోకూడదు.

నిజమే, పౌలు ఒకరి మాదిరిని మరియొకరికి చూపెను. మంచిని చూచి మంచిచేయ గోరుట మనిషికి సహజము. కాని రెండు సంగతులు గమనింపుడి. పౌలు ఇచ్చినవారిని చూపెను గాని ఇవ్వనివాని పేరు ఎక్కడను వ్రాయలేదు. మరియు కొరింథీ సంఘమంతటితో మాటలాడెను గాని ఒక్కొక్కని తలుపు తట్టి నీ వంతు ఏదని అడుగుమని చెప్పలేదు. సణుగుకొనక, బలవంతములేక, ఎవడు తన హృదయములో నిశ్చయించుకొనినట్లు అతడు ఇయ్యవలెనని ఆ పత్రికలోనే ఆయన బోధ. ఫిలేమోనుకు వ్రాయునప్పుడు ఆజ్ఞాపించు అధికారముండియు ఆజ్ఞాపింపక, అతని మేలు ఇష్టపూర్వకముగా ఉండవలెనని కోరెను. అననీయతో పేతురు పలికిన మాటలోను ఇదే ఉన్నది. పొలము అమ్మకయున్నప్పుడు అది అతనిదే, అమ్మిన తరువాతను సొమ్ము అతని వశమందే. అతని పాపము అబద్ధమాడుట. తక్కువ ఇచ్చుట పాపమని పేతురు చెప్పలేదు.

కాబట్టి మాదిరి చూపుట వేరు, వ్రేలు చూపుట వేరు. మొదటిది దీపము పట్టుట వంటిది. రెండవది తప్పిపోయిన పశువును వెదకి బందెలదొడ్డికి తోలుట వంటిది.

అప్పులో ఉన్నవాడు ఇవ్వవలెనా?

హార్వర్డ్ బిజినెస్ స్కూలులో 2022లో ఒక సంవత్సరపు బోధన ఫీజులు సుమారు 76,000 డాలర్లు. చదువు రెండు సంవత్సరములు. ఇల్లు, తిండి వేరు. ధనవంతుల బిడ్డలు తప్ప తక్కినవారు అప్పుచేయక తీరదు. ఆ అప్పు తలమీద ఉండగనే సెలవు దినమున వీరిని కానుక అడుగుచున్నారు.

అప్పు సొమ్ములోనుండి ఇచ్చు కానుక ఎవరిది? తండ్రి పొలము తాకట్టుండగా కొడుకు అక్కడ ఇరువది డాలర్లు ఇచ్చినయెడల ఆ ఇరువది డాలర్ల వడ్డీ ఇక్కడ తండ్రి కట్టుచున్నాడు. చిన్న మొత్తమే గదా అనవచ్చును. నిజమే, ఇరువది డాలర్లతో ఇల్లు మునుగదు. కాని అయిదు సంవత్సరముల వరకు ఏటేట ఇత్తునని సంతకము చేయుమన్నప్పుడు, ఉద్యోగమే దొరకనివాడు ఏ ధైర్యముతో సంతకము చేయును? కొర్బాను అని చెప్పి తల్లిదండ్రులకు చేయవలసినది మానుకొనినవారిని ప్రభువు గద్దించెను. దేవునికే అర్పించినను, ఇంటివారి నోటిలోనిది తీసి అర్పించుటను ఆయన మెచ్చలేదు. పాఠశాలకు ఇచ్చుట దేవునికి ఇచ్చుటకంటె గొప్పది కాదు గదా. మనిషికి కలిగినదానిని బట్టియే అతని కానుక ప్రీతికరమగును గాని లేనిదానిని బట్టి కాదని పౌలు స్పష్టముగా బోధించెను.

కావున అప్పులో ఉన్న బిడ్డ ఇప్పుడు ఇవ్వలేనని చెప్పుటలో అపరాధము లేదు. కారణము చెప్పవలసిన పనియు లేదు. అయితే ఆ బిడ్డతో మనము ఇంకొక మాటయు చెప్పవలెను. ఇప్పుడు ఇవ్వలేను అను మాట ఎప్పుడును ఇవ్వను అను మాటగా మారకుండ చూచుకొనవలెను. అప్పు తీరినది, పొలము విడిపింపబడినది, కారు వచ్చినది. అయినను చేయి తెరచుకొనలేదు. అటువంటివారిని మనము ఎరుగుదుము. అప్పుడు అతనిని అడుగువాడుండడు, జాబితా వ్రాయువాడుండడు. నిజమైన పరీక్ష అప్పుడే మొదలగును.

ధనవంతులు కాబోవువారికి సహాయమేల?

మరియొక ప్రశ్న మన పల్లెలవారికి సహజముగా పుట్టును. హార్వర్డ్ బిజినెస్ స్కూలులో 2023లో ముగించినవారిలో ఉద్యోగములు పొందినవారి మధ్యస్థ మూలజీతము ఏడాదికి 1,75,000 డాలర్లు. అనగా సగముమందికి అంతకు తక్కువ కాదు. అట్టివారికి స్కాలర్‌షిప్పు ఏల? ఆ సొమ్ము పలకా బలపములు లేని బడిపిల్లలకు పోకూడదా?

ఇది బరువైన ప్రశ్న. బడిపిల్లల అవసరము మొదటిదని నేనును అందును. రెండు కానుకలలో ఒకటే ఇవ్వగలవాడు చిన్నపిల్లల బడికి ఇచ్చినయెడల అతనిని తప్పుపట్టరాదు. అయినను ఒక సంగతి ఆలోచింపవలెను. ఈ పాఠశాలలలో చదివినవారు రేపు కంపెనీలలో పెద్దలగుదురు. ప్రత్తి ధరను, పొగాకు గ్రేడును, పాల డబ్బును, కూలివాని దినవేతనమును నిర్ణయించు బల్లయొద్ద కూర్చుందురు. ఫీజు కట్టగలవారి బిడ్డలే ఆ బల్లయొద్దకు చేరినయెడల, వాన రాని సంవత్సరములో రైతు ఇల్లు ఎట్లుండునో ఎరిగినవాడు అక్కడ ఒక్కడును ఉండడు. బీదవాని బిడ్డ ఆ ద్వారములో ప్రవేశించుట ఆ ఒక్కనికే మేలు కాదు.

ఇంకొకటి. అప్పు మోయువాడు ఎక్కువ జీతమిచ్చు పనినే వెదకవలసియుండును. అప్పు తక్కువైనవాడు ఆస్పత్రి నిర్వహణమో, సహకార సంఘమో, తన జిల్లాకు పనికివచ్చు చిన్న పరిశ్రమయో ఎన్నుకొనుటకు ధైర్యము చేయగలడు. ఈ ఆలోచనతోనే కాబోలు, 2022లో హార్వర్డ్ బిజినెస్ స్కూలు అత్యంత అవసరముగల విద్యార్థులకు, అనగా నూటికి పదిమందికి, బోధన ఫీజు పూర్తిగా స్కాలర్‌షిప్పుగా ఇచ్చుటకు నిర్ణయించెను. అట్టి నిర్ణయముల వెనుక పూర్వ విద్యార్థుల కానుకలు ఉండును. స్కాలర్‌షిప్పు పొందినవాడు ఆ స్వేచ్ఛను ఎట్లు వాడుకొనును అనునది అతని మనస్సాక్షికి సంబంధించినది. దాతకు దానిమీద అధికారము లేదు.

ఇచ్చినది ఎక్కడికి పోవును?

ఇచ్చువాడు అడుగదగిన ప్రశ్న ఇది. అడుగుట అవిశ్వాసము కాదు. తరగతి కానుకను రెండు విధములుగా వాడుదురు. ఒకటి, వచ్చిన సంవత్సరమే విద్యార్థులకు పంచుట. రెండవది, మూలధనముగా నిలిపి ఏటేట వచ్చుదానిలో కొంత మాత్రమే తీసి ఖర్చుచేయుట. మన సంఘపు మాన్యమును అమ్మక కౌలు గింజలు మాత్రమే వాడుకొనునట్లు ఇది. సాధారణముగా అట్టి నిధులలోనుండి ఏటికి నూటికి నాలుగు, ఐదు పాళ్లు తీయుదురు. లక్ష డాలర్లు నిలిపినయెడల సుమారు 5,000 డాలర్లు వచ్చును. 76,000 డాలర్ల ఫీజుకు అట్టి లక్షలు పదిహేను కావలెను. అనగా పదిహేను తరగతులు తలకొక లక్ష నిలిపిన తరువాతనే ఒక విద్యార్థికి ఒక సంవత్సరపు ఫీజు రాబడిగా వచ్చును. ఇది నిరుత్సాహపరచుటకు చెప్పుట లేదు. తాటిచెట్టు నాటినవాడు దాని నీడలో కూర్చుండడు. అయినను తాను నాటుచున్నది తాటిచెట్టో తోటకూరయో అతనికి తెలిసియుండవలెను.

సొమ్ము చేరవలసినవారికి చేరుచున్నదా అనియు అడుగవలెను. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు బిజినెస్ స్కూలు తన విద్యార్థి సహాయము అవసరమును బట్టియే ఇయ్యబడునని చెప్పుచుండెడిది. 2017లో అక్కడి విద్యార్థి ఒకడు, కంప్యూటరులో మూయకుండ విడువబడిన ఏడు సంవత్సరముల సహాయపు లెక్కలు చూచి, ఒకే అవసరముగల ఇద్దరికి ఒకే విధముగా ఇవ్వలేదని బయటపెట్టెను. తాము కోరుకొనిన కొందరిని ఆకర్షించుటకు ఎక్కువ ఇచ్చినట్లు పాఠశాల ఒప్పుకొనవలసి వచ్చెను. బీదవాని పేరట అడిగిన సొమ్ము బీదవానికి చేరకపోవుట చిన్న తప్పు కాదు. పౌలు యెరూషలేము బీదల కొరకు చందా పోగుచేసినప్పుడు, ఎవరును తప్పుపట్టకుండునట్లు సంఘములచేత ఏర్పరచబడిన సహోదరులను తీతుతోకూడ పంపెను. ప్రభువు దృష్టియందే గాక మనుష్యుల దృష్టియందును సరిగా ఉండవలెనని ఆయన జాగ్రత్తపడెను. అపొస్తలునికే లెక్క అవసరమైనప్పుడు పాఠశాలకు అవసరము కాదా? జాబితా కావలసినది ఇక్కడ. ఇచ్చినవారి పేర్ల జాబితాకంటె, వచ్చినది ఎట్లు ఖర్చాయెనో చూపు జాబితా ముఖ్యము.

పరిగె ధర్మము

ఇన్ని చిక్కులు విప్పుటకు మన రైతులందరికి తెలిసిన ఒక పాత ధర్మమున్నది. పంట కోయునప్పుడు పొలపు ఓరలను పూర్తిగా కోయకూడదు, రాలిన పరిగె ఏరుకొనకూడదు, వాటిని బీదలకును పరదేశులకును విడిచిపెట్టవలెనని మోషే ధర్మశాస్త్రము విధించెను. దీనిలోని జ్ఞానమును చూడుడి.

మొదట, విడిచిపెట్టుట విధియే. కోసికొనుటకు హక్కున్నదంతయు కోసికొనిన రైతు నీతిమంతుడు కాడు. కావున వెనుక వచ్చువారి కొరకు విడువవలసిన ఋణము నిజమైనది. దానిని ఇష్టమైతే చేయు వినోదముగా ఎంచరాదు. రెండవది, ఓర ఎంత వెడల్పుండవలెనో ధర్మశాస్త్రము చెప్పలేదు. అరువదింట ఒక పాలుకు తగ్గరాదని తరువాత యూదుల పెద్దలు చెప్పిరి గాని, గ్రంథములో కొలత లేదు. అది రైతు మనస్సాక్షికి విడువబడెను. మూడవది, రైతు తన చేతితో ఎవరికిని ఇవ్వడు. విడిచి వెళ్లిపోవును. తరువాత వచ్చినవారు తమ చేతులతో ఏరుకొందురు. ఇచ్చువాని పేరు వెన్నుమీద వ్రాసి ఉండదు. పుచ్చుకొనువాడు తల వంచవలసినది నేలవైపే గాని రైతు ఎదుట కాదు. బోయజు తన పనివారితో, రూతు కొరకు కొన్ని పిడికిళ్లు కావలెననియే పడవేయుడనియు ఆమెను అవమానపరచకుడనియు చెప్పెను గదా.

విధి ఉన్నది, కొలత లేదు. ఋణమున్నది, కాపలా లేదు. తరగతి కానుకకు ఇంతకంటె మంచి మాదిరి ఏమున్నది?

కాబట్టి దూరమున చదువుచున్న మన బిడ్డలకు ఇట్లు వ్రాయుదము. నిన్ను కమిటీలో చేర్చినయెడల సంతోషముగా చేరుము. ఈ కానుక ఏమి చేయునో అందరికిని చెప్పుము, లెక్క చూపుము. ఇవ్వనివారి పేర్లు నీ చేతికి వచ్చినయెడల ఆ కాగితము తిరిగి ఇచ్చివేయుము. నిన్ను అడిగినయెడల, ఉన్నవాడవైతే ఉదారముగా ఇమ్ము, అప్పులో ఉన్నవాడవైతే తల ఎత్తుకొని లేదని చెప్పుము. పాఠశాల నీకు అన్యాయము చేసినదని తోచినయెడల, ఆ మాట మర్యాదగా చెప్పి మానుకొనుటకును నీకు స్వేచ్ఛ కలదు. అందరును ఇచ్చిరి గనుక ఇచ్చితిననుట నీకు గౌరవము కాదు. దినము వచ్చినప్పుడు ఎవరును అడుగకుండగనే నీ పొలములో ఒక ఓర విడువుము.

ఇట్లు వారికి వ్రాయు మనము మన సంఘములనుకూడ చూచుకొందము. పంట కోత పండుగలో ఎవరి బస్తా ఎంతయో ప్రసంగ వేదికనుండి చదువునప్పుడు, కూలికి పోయి వచ్చి చివరి బల్లమీద కూర్చున్న సహోదరి మనస్సు ఎట్లుండునో ఎప్పుడైన అడిగితిమా? ఆదివారపు కానుకల సంచికి నోరు చిన్నదిగాను లోపలి భాగము చీకటిగాను కుట్టిన మన పెద్దలు తెలివిగలవారు. దానిలో చేయి పెట్టునప్పుడు అందరి పిడికిలియు మూసియే ఉండును. నిండు పిడికిలి ఏదో వట్టి పిడికిలి ఏదో తండ్రికే తెలియును. మనుష్యుల ఎదుట సిగ్గుపడి ఇచ్చిన బస్తాకంటె, ఆయన ఎదుట నిజముగా చాపిన వట్టి చేయి మేలు. ఏలయనగా ఆ చేయి ఆయన నింపుటకు తెరచియున్నది, నిండినప్పుడు వెనుక వచ్చువారికి విడుచుటకు నేర్చుకొనును.